పగటివేషమూ, దొంగవేషమూ

నెదర్లాండ్స్‌లో చదువుకుంటున్న మా పాత విద్యార్థి ఒకడు ఈ మధ్య నాకు ఉత్తరం రాశాడు. చదువుకునే రోజుల్లోనే అతనికి ఎగతాళి రాతల పిచ్చి ఉండేది. మా కాలేజీ నోటీసు బోర్డు భాషను అనుకరించి అతను రాసిన కాగితాలు లెక్చరర్లు కూడా దాచుకుని చదివేవారు. ఇప్పుడు అతను అక్కడి ఒక పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బు పేరుమీద సోషల్ మీడియాలో దొంగ ప్రకటనలు తయారుచేస్తున్నాడు. క్లబ్బు వాడే ముద్రా, రంగులూ, అక్షరాల తీరూ అన్నీ అచ్చుగుద్దినట్టు ఉంటాయి. విషయం మాత్రం వేళాకోళం. ఖాతా పేరు కింద చిన్న అక్షరాలతో ఇది వినోదం కోసమని రాసి ఉంటుందట. ఏ క్లబ్బో చెప్పవద్దని అతను కోరాడు. చెప్పవలసిన అవసరమూ లేదు.

కిందటి సీజనులో జట్టు ఘోరంగా ఆడింది. అప్పుడు మావాడు ఒక ప్రకటన అల్లాడు: ఈ ఏడు మేము చూపించినదాన్ని ఆట అనడం న్యాయం కాదు గనక, సీజను టిక్కెట్టు కొన్నవారందరికీ సగం సొమ్ము తిరిగి ఇస్తున్నాము, కౌంటరు దగ్గరకు వచ్చి తీసుకోండి అని. వేలమంది నవ్వుకున్నారు. వేలమంది ఇతరులకు పంపారు. పంపేటప్పుడు ఆ చిన్న అక్షరాలు ప్రకటనతో బాటు ప్రయాణం చెయ్యలేదు. రెండు రోజుల తరవాత ఒక ముసలాయన ఆ ప్రకటనను కాగితం మీద అచ్చు తీయించుకుని కౌంటరుకు వెళ్ళాడు. అక్కడున్నవాళ్ళు నవ్వారు. ఎవడో ఆ దృశ్యాన్ని ఫోనులో పట్టాడు. అదీ ఊరంతా తిరిగింది.

"మాస్టారూ, నా ప్రకటన చదివి క్లబ్బును చూసి నవ్వినవాళ్ళకంటె, ఆ ముసలాయన్ని చూసి నవ్వినవాళ్ళు ఎక్కువమంది. ప్రకటన వెంటనే తీసేశాను. నేను చేసింది వ్యంగ్యమా, అబద్ధమా? మీరు చెప్పండి" అని అడిగాడు.

ఇదొక పెద్ద ప్రశ్నా అని మనలో కొందరు అనుకోవచ్చు. లోకంలో ఇన్ని సమస్యలుండగా ఎక్కడో డచ్చి దేశంలో బంతాట క్లబ్బు గురించి కుర్రవాళ్ళు వేసే జోకులను విచారించే తీరిక మనకెందుకని అడగవచ్చు. నేను అలా అనుకోను. నవ్వు ఒక ఆయుధమని మనం ఎప్పటినుంచో చెబుతున్నాం. ఆయుధం పట్టినవాడు అది ఎవరికి తగులుతున్నదో చూసుకోక తప్పదు.

ముందు ఆ క్లబ్బులంటే ఏమిటో చూడాలి. ఐండ్‌హోవెన్‌లోని పీ.ఎస్.వీ. 1913లో ఫిలిప్స్ ఫ్యాక్టరీ ఉద్యోగుల క్రీడాసంఘంగా పుట్టింది. దాని పేరులో మొదటి అక్షరం ఈనాటికీ ఆ కంపెనీదే. ఆమ్‌స్టర్‌డామ్‌లోని అజాక్స్ 1900లో కొందరు యువకులు పెట్టుకున్న సంఘం. 1998లో అది తన వాటాలను స్టాక్ ఎక్స్ఛేంజిలో అమ్మకానికి పెట్టింది. వాటాల్లో అధికభాగం సంఘం చేతిలోనే ఉన్నా, ఆటలో గెలుపోటములు ఆ రోజునుంచీ వాటా ధరల్లోకి కూడా ఎక్కుతున్నాయి. వారమంతా పనిచేసిన మనిషి ఆదివారం నాడు తనతోటివాళ్ళ పక్కన నిలబడి గొంతెత్తే చోటు అది. ఆ మనిషి అభిమానమే క్లబ్బుకు మూలధనం. అభిమానిని కుటుంబసభ్యుడని పిలుస్తారు. టిక్కెట్టు ధర పెంచేటప్పుడు మాత్రం కుటుంబాన్ని సంప్రదించరు.

ఈ రెండింటి మధ్య ఉన్న సందును కప్పిపుచ్చడానికి ఒక భాష తయారయింది. ఆటగాణ్ణి అమ్మేస్తే "కొత్త ప్రయాణానికి శుభాకాంక్షలు". కోచిని తీసేస్తే "పరస్పర అంగీకారం". పేరడీ దెబ్బ తీసేది సరిగ్గా ఈ భాషను. మన పాఠకులకు పేరడీ అనగానే జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి గుర్తుకు వస్తాడు. ఆయన ఒక కవిని పేరడీ చేశాడంటే ఆ కవి నడక ఎక్కడ నిజంగా నడకో, ఎక్కడ వట్టి అలవాటో ఆయనకు తెలుసునన్నమాట. చదివేవాడికీ ఆ మూలం తెలియాలి. తెలిసినవాడే నవ్వగలడు. కాబట్టి పేరడీ, అబద్ధం ఒకటి కావు. అబద్ధం తనను నమ్మమంటుంది. పేరడీ తనను పోల్చుకోమంటుంది. నమ్మినంతకాలం అబద్ధం బతుకుతుంది, పోల్చుకున్న క్షణాన పేరడీ పుడుతుంది.

అయితే ఇక్కడొక చిక్కు ఉన్నది. అసలుకూ వేళాకోళానికీ తేడా తెలియనంతగా అసలే వేళాకోళమైపోతే ఎలా? 2021 ఫిబ్రవరిలో అజాక్స్ అప్పటికి తన చరిత్రలోకెల్లా ఎక్కువ ధర పెట్టి, రెండుకోట్ల ఇరవై అయిదు లక్షల యూరోలకు, అప్పుడే కొన్న సెబాస్టియన్ ఆలే పేరును యూరోపా లీగు జాబితాలో చేర్చడం మరిచిపోయింది. కార్యాలయంలో జరిగిన పొరపాటు. అదే సంవత్సరం మే నెలలో, కరోనా వల్ల అభిమానులు స్టేడియంలోకి రాలేకపోయారని, తాను గెలిచిన ఛాంపియన్ పళ్ళాన్ని కరిగించి 42,000 చిన్న నక్షత్రాలు చేసి సీజను టిక్కెట్టుదారులకు పంపింది. 3.45 గ్రాముల నక్షత్రంలో పళ్ళానిది 0.06 గ్రాము వెండి. దాన్ని కొందరు కళ్ళకద్దుకున్నారు. ఆ కళ్ళకద్దుకోవడాన్ని నేను తక్కువ చెయ్యను. కాని ఈ రెండు వార్తల్నీ మావాడు కల్పించి రాసి ఉంటే అతిశయోక్తి అనేవాళ్ళం.

2024 మార్చిలో పదవిలోకి వచ్చిన ఆ క్లబ్బు ముఖ్యాధికారిని మూడు వారాలు తిరక్కుండానే సస్పెండు చేశారు. తన నియామకం ప్రకటించడానికి వారం రోజుల ముందు ఆయన క్లబ్బు వాటాలు 17,000కు పైగా కొన్నాడని అభియోగం. ఆ ఏడే ఆయన మరొక హోదాలో అదే క్లబ్బుకు తిరిగి వచ్చాడు. ఇంతకుమించి పేరడీకారుడు ఏం కల్పించగలడు?

అంటే ఇలాంటి లోకంలో "ఎవరైనా పోల్చుకుంటారులే" అనే ధీమా చెల్లదు. సగం సొమ్ము వాపసు ఇస్తామని క్లబ్బు నిజంగా అనదని మావాడికి తెలుసు, తెలివైన అతని స్నేహితులకు తెలుసు. ఆ ముసలాయన తెలివితక్కువవాడు గనక మోసపోలేదు. తన క్లబ్బుకు న్యాయబుద్ధి ఉంటుందని నమ్మాడు గనక మోసపోయాడు. నవ్వవలసింది ఆ నమ్మకాన్ని చూసి కాదు. ఆ నమ్మకానికి అర్హత లేని వ్యవస్థను చూసి.

మన పల్లెల్లో పగటివేషగాళ్ళు ఉండేవారు. అమీనా వేషంలోనో, పఠాను వేషంలోనో, సోమయాజులు వేషంలోనో వచ్చి ఊరివాళ్ళను బెదరగొట్టి, నవ్వించి, ఆడించేవారు. వేషం ఎంత సహజంగా ఉంటే అంత గొప్ప. అధికారం ఎలా మాట్లాడుతుందో, ఎలా చెయ్యి చాస్తుందో ఆ వేషంలో ఊరంతా చూసేది. కాని ఆఖరున వేషగాడు తన అసలు మొహంతో ఇంటింటికీ వచ్చి, "మేమేనండీ" అని చెప్పుకుని ఇచ్చింది పుచ్చుకునేవాడు. ఆ ఆఖరి ఘట్టం లేకపోతే అది పగటివేషం కాదు, దొంగవేషం. అమీనా వేషంలో నిజంగా జరిమానా వసూలు చేసుకుపోయినవాణ్ణి ఎవరూ కళాకారుడనలేదు.

సోషల్ మీడియాలో వచ్చిన మార్పు ఏమిటంటే, ఆ ఆఖరి రోజు రావడం లేదు. వేషం ఊరు దాటిపోతుంది. వేషగాడు ఇంట్లో కూర్చునే ఉంటాడు. చూసినవాళ్ళలో సగంమందికి అతను అడ్రసు లేని మనిషి. గనక వేషం విప్పే బాధ్యత పాతకాలంకన్న ఇప్పుడు ఎక్కువే తప్ప తక్కువ కాదు.

దీనికి బలమైన ప్రతివాదన ఒకటున్నది. 2022 నవంబరులో ట్విట్టరు అనే ఆ కంపెనీ, అంతవరకూ మనిషిని విచారించి ఇచ్చిన నీలిగుర్తును నెలకు 8 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. ఎవరో ఆ గుర్తు కొనుక్కుని, ఎలై లిల్లీ అనే మందుల కంపెనీ పేరుతో, ఇకమీదట ఇన్సులిన్ ఉచితమని ప్రకటించారు. అసలు కంపెనీ క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది, ఉచితం కాదని. మర్నాడు కంపెనీ వాటాల ధర పడింది. పడడానికి అదొక్కటే కారణమా అన్నది వేరే చర్చ. ఇన్సులిన్ కనిపెట్టినవాళ్ళు దాని పేటెంటును తలా ఒక డాలరుకు టొరంటో విశ్వవిద్యాలయానికి ఇచ్చివేశారు. అలాంటి మందు అమెరికాలో ఎంత ధరకు అమ్ముడుపోతున్నదో ఆ వారంలో లోకమంతా మాట్లాడుకుంది. 2023 మార్చిలో ఆ కంపెనీ తాను ఎక్కువగా అమ్మే ఇన్సులిన్ల ధరను 70 శాతం తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. ఆ వేళాకోళం వల్లనే తగ్గించిందని నేననను. ధరమీద అక్కడ ఏళ్ళ తరబడి పోరాటం జరుగుతున్నది.

వాదన ఇది: నిజమని నమ్మబట్టే కదా ఆ వేళాకోళం అంత పనిచేసింది, ముందే "ఇది వేషం" అని చీటీ కట్టి ఉంటే ఎవరికి పట్టేది? వాదనలో బలమున్నదని ఒప్పుకుంటాను. నమ్మకాన్ని ఎనిమిది డాలర్లకు అమ్మినవాడే మొదటి మోసగాడని కూడా ఒప్పుకుంటాను. కాని ఒక ప్రశ్న మిగులుతుంది. ఆ పొరపాటుకు వెల ఎవరు చెల్లించారు? వాటాదారులు చెల్లించినంతవరకు నాకు నిద్ర పట్టకపోవడమంటూ ఉండదు. కాని మందు కొనలేక రోజులు లెక్కపెట్టుకుంటున్న మధుమేహ రోగి ఒక్కడు ఆ ప్రకటన నమ్మి మందుల షాపుకు వెళ్ళి ఉత్తచేతులతో తిరిగివచ్చి ఉంటే, ఆ మనిషికి మనం ఏమని జవాబు చెబుతాం? మీ నిరాశ ఒక ఉత్తమాశయానికి ఉపయోగపడిందని చెబుతామా? పీడితుణ్ణి పనిముట్టుగా వాడుకోవడం పీడించేవాడి పద్ధతి. అది మన చేతికి వచ్చినంత మాత్రాన మంచిదైపోదు.

చీటీ కడితే వ్యంగ్యం చస్తుందన్న మాట కూడా నిజం కాదు. ఈ విషయంలో డచ్చివాళ్ళకు వాళ్ళ ఇంట్లోనే పెద్ద గురువున్నాడు. రోటర్‌డామ్ వాడైన ఎరాస్మస్ 1511లో అచ్చయిన తన పుస్తకంలో మూర్ఖత్వాన్ని ఒక దేవతగా వేదిక ఎక్కించి, ఆమె చేత ఆత్మస్తుతి చేయించాడు. మాట్లాడుతున్నది మూర్ఖత్వమేనని మొదట్లోనే తెలుస్తుంది. ఎవరికీ భ్రమ లేదు. అయినా మతపండితులకూ, సన్యాసులకూ, పోపులకూ, రాజులకూ తగలవలసినచోట తగిలింది. వ్యంగ్యం బలం మోసంలో లేదు. వేషమని తెలిసి కూడా "అవును, వీళ్ళు ఇలాగే మాట్లాడతారు" అని ఒప్పుకోవలసి రావడంలో ఉన్నది. పేరడీ ఖాతాలు తమ పేరు మొదట్లోనే ఆ సంగతి చెప్పాలని 2025 ఏప్రిల్‌లో ఆ పాత ట్విట్టరే, ఎక్స్ అనే కొత్త పేరుతో, నిబంధన పెట్టింది. యజమాని పెట్టిన నిబంధన యజమాని అవసరానికే ఉంటుంది. పేరడీకారుడు తనంతట తాను పెట్టుకోవలసిన నిబంధన వేరు: నేను అల్లినది నా ఖాతానుంచి ఊడిపోయి ఒంటరిగా వీధిన పడినప్పుడు కూడా, దానిలోపలే, దాని వాక్యంలోనే, ఇది వేషమని చెప్పే గుర్తు ఉండాలి. ఉదాహరణకు, "మీ వాపసు సొమ్ము కింద 0.06 గ్రాము వెండి పంపుతున్నాము" అని రాసి ఉంటే ఆ ముసలాయనా నవ్వేవాడు. దెబ్బ కూడా గట్టిగా తగిలేది.

ఇంతవరకు వేషం సంగతి. ఇంతకన్న పెద్దది, నవ్వు దేన్ని చూసి అన్నది.

2021 జూలైలో రోటర్‌డామ్ జట్టు ఫెయెనూర్డ్ నుంచి స్టీవెన్ బెర్హౌస్ అనే ఆటగాడు అజాక్స్‌కు మారాడు. రోటర్‌డామ్‌లో ఒక గోడమీద అతని బొమ్మ వెలిసింది. కొక్కెం ముక్కు, యూదుల టోపీ, నాజీ శిబిరాల్లోని ఖైదీల చారల బట్టలు, పసుపుపచ్చ నక్షత్రం. యూదులు ఎప్పుడూ పారిపోతారనే అర్థంతో కింద ఒక మాట. అతను యూదుడా కాదా అన్నది వేసినవాళ్ళకు అక్కరలేదు. యుద్ధానికి ముందు ఆమ్‌స్టర్‌డామ్‌లో 80,000 మంది యూదులుండేవారు. అజాక్స్ ఆటకు వచ్చేవారిలో వాళ్ళూ చాలామంది. ఆ కారణంగా ప్రత్యర్థి అభిమానులు అజాక్స్‌ను యూదుల జట్టని తిట్టడం మొదలుపెట్టారు. గ్యాసు గదులను గుర్తుచేసే బుసలు స్టేడియాల్లో వినిపించాయి. దానికి బదులుగా, యూదులు కాని అజాక్స్ అభిమానులే ఆ తిట్టును బిరుదుగా తగిలించుకుని, నక్షత్రపు జెండాలు పట్టుకుని తిరిగారు. ఆ పేరు వదిలిపెట్టమని క్లబ్బు అడిగినా వదలనివాళ్ళున్నారు. తిట్టును ఎత్తి పట్టుకోవడంలో ఒక తెగువ ఉన్నది, నిజమే. కాని ఆ వేషం ఆట అయ్యాక విప్పుకుని ఇంటికి పోగలిగినవాడు వేసింది. విప్పుకోవడానికి వీలులేనివాళ్ళ సంగతి వేరు.

వాళ్ళ సంగతి ఇది. ఎడీ హామెల్ అనే యూదుడు 1920లలో అజాక్స్ తరఫున ఆడాడు. 1943లో అతన్ని ఆష్‌విట్జ్‌లో చంపారు. 2021లో, ఆ గోడబొమ్మ వెలిసిన ఏడాదిలోనే, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక స్మారకాన్ని తెరిచారు. నెదర్లాండ్స్ నుంచి తీసుకుపోయి చంపిన 1,02,000 మందికి పైగా యూదుల, సింతి, రోమా ప్రజల పేర్లు అక్కడ ఒక్కొక్క ఇటుకమీద ఒకటి చొప్పున ఉన్నాయి.

"ఇదంతా సరదాకే, ఆటలో పౌరుషం కోసమే" అంటారు. సరదా అన్న మాట ఎంత పాపాన్ని మోస్తుందో మనకు తెలియనిది కాదు. మన హాస్టళ్ళలో కులం పేరుతో వేసే జోకులు కూడా సరదాకే. నవ్వనివాడికి హాస్యం తెలియదంటారు.

ఆమ్‌స్టర్‌డామ్‌లోనే యూదు కుటుంబంలో పుట్టి, 1656లో తన సమాజంచేతే వెలివేయబడ్డ స్పినోజా, మరణించాక 1677లో అచ్చయిన తన నీతిశాస్త్రంలో నవ్వుకూ ఎగతాళికీ భేదం చెప్పాడు. నవ్వు ఆనందం, ఆనందం గనక మంచిదే. ఎగతాళి ద్వేషానికి పుట్టింది, ద్వేషిస్తున్నదానిలో హీనత్వం వెతుక్కుని సంతోషించడం. ఈ విభజనను నేను పూర్తిగా ఒప్పుకోను. అధికారం మీద ద్వేషం లేని వ్యంగ్యం ఎక్కువదూరం పోలేదు. కాని ఆయన మాటలో నిలిచే సత్యం ఒకటున్నది. దాన్ని మన భాషలో ఇలా చెప్పుకోవచ్చు: మనిషి చేసినదాన్ని చూసి నవ్వితే అతనికి దారి ఉన్నది, ఆ పని మానుకోవచ్చు. మనిషి పుట్టుకను చూసి నవ్వితే అతనికి దారి లేదు, అతను లేకుండా పోవడం తప్ప. వాటాలు కొన్న అధికారిని వెక్కిరించడానికీ, గోడమీద ముక్కు వంకర తిప్పడానికీ మధ్య తేడా మోతాదులో లేదు, జాతిలోనే ఉన్నది.

ఇక మూడో మాట. మావాడి ప్రకటననూ, కౌంటరు దగ్గర ముసలాయన అవమానాన్నీ, గోడబొమ్మనూ ఒకే యంత్రం ఒకే విధంగా లెక్కపెట్టింది. ఎంతమంది చూశారు, ఎంతసేపు చూశారు అన్నదే దానికి కావాలి. నవ్వినా, ఏడ్చినా, తిట్టినా దాని యజమానికి ఆదాయమే. క్లబ్బులు కూడా ఈ గుట్టు గ్రహించాయి. తమమీద తామే చిన్న జోకులు వేసుకుని పెద్ద ప్రశ్నలను తప్పించుకోవడం నేర్చుకున్నాయి. నవ్వేసినవాడు కోపం తీరిందనుకుని ఇంటికి పోతాడు. టిక్కెట్టు ధర అలాగే ఉంటుంది.

అందుకని నవ్వడం మానెయ్యాలనే మన కొందరు మిత్రుల గంభీరోపదేశం నాకు రుచించదు. నవ్వలేని ఉద్యమం తన తప్పును తాను చూసుకోలేదు. నేననేది ఒకటే: నవ్వు పని ప్రారంభించగలదు, ముగించలేదు. అభిమానులు సంఘంగా కూడి, లెక్కలు చూపమని అడిగే రోజున, ఆ అడగడానికి కావలసిన ధైర్యాన్ని పేరడీ ముందే ఇచ్చి ఉంటుంది. అంతవరకు దాని గౌరవం దానికున్నది.

మావాడికి ఇలా జవాబు రాశాను: "నువ్వు రాసింది వ్యంగ్యంగానే మొదలయింది. దారిలో అబద్ధమయింది. వ్యంగ్యానికి ఇంత తెలివి ఖర్చుపెట్టినవాడివి, దానికి గుర్తు పెట్టడానికి ఇంకొక్క వాక్యం ఖర్చుపెట్టలేకపోయావు. ప్రకటన తీసేశానన్నావు. తీసెయ్యడం వేషం విప్పడం కాదు, వేషంతోనే పారిపోవడం. అదే ఖాతాలో, అదే క్లబ్బు రంగుల్లో, ఆ ప్రకటన అల్లింది నేనేననీ, దాన్ని నమ్మి వచ్చిన పెద్దమనిషిలో నవ్వవలసినదేమీ లేదనీ రాయి. సగం సొమ్ము అడగడానికి ఆయన వెళ్ళడం న్యాయమేననీ రాయి. దానికి నీ ముందటి వాటికి వచ్చినంతమంది పాఠకులు రారు. వచ్చేది ఎంతమందైనా రాయి."

ఉత్తరం చేరిందని చెప్పాడు. రాశానని ఇంకా చెప్పలేదు.